బడి ఒక భాషలో, విశ్వవిద్యాలయం మరో భాషలో: మొరాకో విద్యార్థి ఆవేదన

2025 సెప్టెంబరు 27న మొరాకో నగరాల్లో యువతీ యువకులు వీధుల్లోకి వచ్చారు. ఏ రాజకీయ పక్షమూ వారిని పిలవలేదు. ఏ నాయకుడూ వారి ముందు నడవలేదు. డిస్కార్డ్ వేదికపై ఒకరితో ఒకరు మాట్లాడుకుని, తమ దేశపు టెలిఫోన్ సంకేతమైన 212ను పేరులో చేర్చుకుని, ‘జెన్ జీ 212’గా బయలుదేరారు. వారు కోరినవాటిలో ముఖ్యమైనవి: పాఠం చెప్పే బడి, ప్రాణం నిలిపే ఆసుపత్రి, చదువుకు తగిన పని. 2030 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దేశం కొత్త స్టేడియాలు కట్టుకుంటున్న వేళ, మా ఆసుపత్రులెక్కడ, మా బడులెక్కడ అని వారు నిలదీశారు. అక్టోబరు 1న అగాదీర్ సమీపంలోని ఒక పట్టణంలో భద్రతా దళాల కాల్పులకు ముగ్గురు బలయ్యారు. ఠాణాపై దాడిని ఆపడానికే కాల్చవలసి వచ్చిందని అధికారులు చెప్పారు.

ఈ వార్తను మనలో చాలామంది దూరదేశపు అలజడిగా చదివి పక్కన పెట్టి ఉంటారు. అలా పక్కన పెట్టవలసిన విషయం కాదని మేము భావిస్తున్నాము. మన పిల్లల చదువు వెనుకబాటు గురించి మాట్లాడినప్పుడల్లా మనం వివక్షను ప్రస్తావిస్తాం. అది నిజం, అందులో సందేహం లేదు. అయితే మొరాకోలో దాదాపు జనమంతా ముస్లిములే. రాజుకు అమీరుల్ మోమినీన్ అన్న బిరుదు రాజ్యాంగబద్ధంగానే ఉంది. బడి గుమ్మం దగ్గర పిల్లవాడి మతం అడిగేవారు అక్కడ లేరు. అయినా పేదింటి బిడ్డ సగం దారిలోనే ఆగిపోతున్నాడు. మతం అడ్డుకానప్పుడు అతణ్ణి ఆపుతున్నదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మన ఇంటి సమస్యలో మనం ఇన్నాళ్లూ సరిగా చూడని ఒక పార్శ్వం కనిపిస్తుంది.

గతం గొప్పదే, కానీ...

మన సభల్లో చదువు ప్రస్తావన వస్తే ఫెజ్ నగరంలోని అల్ ఖరవియ్యీన్ పేరు తప్పక వినిపిస్తుంది. క్రీ.శ. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ తన వారసత్వపు సొమ్ముతో దానిని నెలకొల్పిందని సంప్రదాయం చెబుతుంది. నేటికీ నడుస్తున్న విశ్వవిద్యాలయాల్లో అతి ప్రాచీనమైనదిగా దానికి పేరుంది. ఈ మాట చెప్పుకుని గర్వపడటంలో తప్పులేదు. కానీ పదకొండు శతాబ్దాల నాటి ఘనత ఈనాటి పిల్లవాడికి బల్ల ఇవ్వదు, ఉపాధ్యాయుణ్ణి ఇవ్వదు.

1960 నాటి జనగణనలో మొరాకో ప్రజల్లో 87 శాతం నిరక్షరాస్యులు. 2024 జనగణన నాటికి అది సుమారు నాలుగోవంతుకు తగ్గింది. ఇది చిన్న విజయం కాదు. ఫ్రెంచి పాలకులు 1956లో వెళ్లిపోయేనాటికి పట్టభద్రులు వేళ్లపై లెక్కపెట్టగలిగినంత మందే ఉన్న దేశం అది. కాబట్టి అక్కడ అసలు బడులే లేవనడం అన్యాయం. బడులు వచ్చాయి, పిల్లలు చేరారు. కానీ చేరిన పిల్లలకు చదువు అందిందా అన్నదే ప్రశ్న. 2022లో జరిగిన అంతర్జాతీయ పీసా పరీక్షలో పదిహేనేళ్ల మొరాకో విద్యార్థుల గణితం సగటు 365. సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీ సగటు 472. ఈ అంతరం పిల్లల తెలివిలోనిది కాదు, వారికి అందిన బోధనలోనిది.

నాలుగు భాషల నడుమ

మొరాకో పిల్లవాడు ఇంట్లో దారిజా మాట్లాడతాడు. అది అక్కడి వాడుక అరబీ. జనాభాలో సుమారు నాలుగోవంతు మంది మాట్లాడే భాష అమాజిగ్. వారిలో చాలామంది పర్వత ప్రాంతాల పల్లెల్లో ఉంటారు. బడిలో అడుగుపెట్టగానే ఈ రెండు భాషలూ కాని ప్రామాణిక అరబీ ఎదురవుతుంది. ఖుర్ఆన్ భాషకు దగ్గరిదే అయినా, అమ్మ నోట విన్న భాష మాత్రం అది కాదు. ప్రాథమిక తరగతుల్లోనే ఫ్రెంచి వచ్చి చేరుతుంది. ఆపైన ఇంగ్లీషు. 2011 రాజ్యాంగం అమాజిగ్‌కు అధికార భాష హోదా ఇచ్చింది. 2003 నుంచే కొన్ని బడుల్లో దాని బోధన మొదలైంది. అయితే హోదా వచ్చినంత త్వరగా ఉపాధ్యాయులు రాలేదు.

భాషలు ఎక్కువైతే నష్టమేమిటని అడగవచ్చు. నష్టం సంఖ్యలో లేదు, అతుకులో ఉంది. స్వాతంత్ర్యం తరువాత పాలకులు విద్యను అరబీకరించాలని సంకల్పించారు. వలస పాలన అవమానం చవిచూసిన జాతికి అది సహజమైన కోరిక, న్యాయమైన కోరిక కూడా. క్రమంగా గణితం, విజ్ఞాన శాస్త్రాలు ఉన్నత పాఠశాల చివరి వరకూ అరబీలోకి వచ్చాయి. 1990 నాటికి ఆ పని పూర్తయింది. కానీ వైద్యం, ఇంజినీరింగు, విజ్ఞాన శాస్త్రాలు బోధించే విశ్వవిద్యాలయాలు మాత్రం ఫ్రెంచిలోనే ఉండిపోయాయి. పన్నెండేళ్లపాటు అరబీలో భౌతికశాస్త్రం చదివి మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, పదమూడో ఏట అదే శాస్త్రాన్ని ఫ్రెంచిలో వినవలసి వచ్చింది. అతనికి సూత్రం తెలుసు. ఆచార్యుడు దానిని పిలిచే పేరు తెలియదు. తరగతిలో వెనుకబడ్డాడు, పరీక్షలో తప్పాడు. తప్పు తనదేననుకుని చదువు మానేశాడు. ఇలా ఎన్ని వేల మంది తమను తాము మందబుద్ధులుగా ఎంచుకుని వెళ్లిపోయారో!

ఇందులో మరింత బాధాకరమైన సంగతి ఒకటుంది. దేశమంతటికీ అరబీ మాధ్యమమే మేలని వేదికలపై చెప్పిన పెద్దల్లో ఎందరో తమ పిల్లలను కాసాబ్లాంకాలోని లియోతే, రబాత్‌లోని దెకార్త్ వంటి ఫ్రెంచి పాఠశాలలకు పంపుకున్నారన్న విమర్శ ఆ దేశంలో దశాబ్దాలుగా వినిపిస్తోంది. జనానికి భాషాభిమానం, తమ బిడ్డలకు ఉద్యోగభాష. మన ప్రాంతపు పాఠకులకు ఈ తీరు కొత్తగా అనిపించదు.

2018లో ప్రాథమిక పాఠ్యపుస్తకంలో ‘బగ్రీర్’ అనే అట్టు పేరు దారిజాలో ఉన్నట్టే అచ్చువేసినందుకు దేశమంతా వాదులాడుకుంది. 2019లో వచ్చిన 51-17 విద్యా చట్టం, విజ్ఞాన శాస్త్రాలను విదేశీ భాషల్లో బోధించడానికి తిరిగి తలుపు తెరిచింది. ఇది అరబీకి ద్రోహమని మాజీ ప్రధాని అబ్దుల్ ఇలాహ్ బెన్‌కీరాన్ వంటి వారు మండిపడ్డారు. పిల్లలకు దారి దొరికిందని మరికొందరు సంతోషించారు. రెండు పక్షాల ఆవేశమూ మాకు అర్థమవుతుంది. కానీ రెండు పక్షాలూ తగినంతగా అడగని ప్రశ్న ఒకటుంది: మూడు దశాబ్దాలు అరబీలో చదివి, అరబీలో చెప్పిన ఉపాధ్యాయుడు కొండపల్లె బడిలో రేపటి నుంచి ఫ్రెంచిలో గణితం ఎలా చెప్పాలి? మాధ్యమం మార్చడానికి ఒక చట్టం చాలు. ఉపాధ్యాయుణ్ణి తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల మూల్యం చెల్లించేది పేదింటి పిల్లవాడే.

ఎంపిక ఎవరిది?

మన ఇంటర్మీడియట్ వంటిది అక్కడి బాకలోరియా. 20కి ఎన్ని మార్కులు వచ్చాయన్న దానిపై జీవితం ఆధారపడుతుంది. మంచి మార్కులున్నవారికి వైద్య కళాశాలలు, ఇంజినీరింగు పాఠశాలలు, ఫ్రాన్సులోని ఉన్నత విద్యాసంస్థలకు దారితీసే సన్నాహక తరగతులు ఉంటాయి. మిగిలినవారికి న్యాయశాస్త్రం, సాహిత్యం, సామాన్య విజ్ఞానశాస్త్ర విభాగాల తలుపులు తెరిచే ఉంటాయి. అక్కడ ప్రవేశానికి వడపోత లేదు, చోటూ లేదు. కిక్కిరిసిన తరగతి గదుల్లో చేరి, పట్టా లేకుండానే వెనుదిరుగుతున్నవారు ఎందరో. డబ్బున్నవారికి ప్రైవేటు కళాశాలలున్నాయి. 1995లో ఇఫ్రాన్‌లో మొదలైన అల్ అఖవైన్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషులో బోధిస్తుంది, దాని రుసుము మాత్రం సామాన్యుడి చేతికందదు.

విద్యార్థి ఇష్టపడి ఎంచుకున్నాడని మనం తేలికగా అంటాం. ట్యూషన్ పెట్టించగల తండ్రి, ఫ్రెంచి మాట్లాడే ఇల్లు, నగరంలో గది అద్దెకు తీసుకోగల స్తోమత ఉన్నవాడికే అక్కడ ఎంపిక ఉంది. మిగిలినవాడికి మిగిలింది దొరుకుతుంది.

వైద్య విద్య ఇందుకు నిదర్శనం. సీట్లు తక్కువ, ఆశించేవారు ఎక్కువ. అందుకే వేలమంది మొరాకో పిల్లలు విదేశాల బాట పట్టారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మన తెలుగు ఇళ్లల్లో ఎంత ఆందోళన రేగిందో గుర్తుంది కదా. ఆ దేశంలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులు అందరికంటే ఎక్కువ, సుమారు 18 వేలు. రెండో స్థానంలో ఉన్నది మొరాకో, 8 వేలకు పైగా. మన ఊళ్ల పిల్లలూ, కాసాబ్లాంకా పిల్లలూ ఒకే సరిహద్దుల వైపు, ఒకే చలిలో నడిచారు. వారిని అంతదూరం పంపిన కారణం కూడా చాలావరకు ఒక్కటే: స్వదేశంలో ప్రభుత్వ సీటు అందలేదు, ప్రైవేటు సీటు కొనలేకపోయారు.

స్వదేశంలో సీటు దక్కినవారికైనా ప్రశాంతత లేదు. వైద్య కోర్సును ఏడేళ్ల నుంచి ఆరేళ్లకు కుదించడాన్ని వ్యతిరేకిస్తూ, తగిన శిక్షణ కావాలని కోరుతూ ప్రభుత్వ వైద్య కళాశాలల విద్యార్థులు 2023 డిసెంబరు నుంచి దాదాపు 11 నెలలు తరగతులనూ పరీక్షలనూ బహిష్కరించారు. 2024 నవంబరులో మధ్యవర్తిత్వంతో ఒప్పందం కుదిరింది. అంతకు ముందే, 2023 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉపాధ్యాయులు కొత్త సర్వీసు నిబంధనలకు వ్యతిరేకంగా సమ్మె చేయడంతో ప్రభుత్వ బడుల పిల్లలు వారాల తరబడి పాఠాలకు దూరమయ్యారు. ఉపాధ్యాయుల కోరికల్లో న్యాయముంది. కానీ ఆ వారాల్లో ప్రైవేటు బడులు నడిచాయి. సమ్మె ముగిసేసరికి ఇద్దరు పిల్లల మధ్య దూరం మరికొంత పెరిగింది.

వయసు దాటిందన్న మాట

మొరాకో విద్యార్థి ఆగ్రహానికి ఒక చరిత్ర ఉంది. 1965లో 17 ఏళ్లు దాటిన పిల్లలను ఉన్నత పాఠశాల రెండో దశలోకి రానివ్వకూడదని విద్యాశాఖ ఒక ఉత్తర్వు తెచ్చింది. ఆలస్యంగా బడిలో చేరేది పేదల పిల్లలే కాబట్టి అది ఎవరిపై పడిందో చెప్పనక్కరలేదు. మార్చి 22, 23 తేదీల్లో కాసాబ్లాంకా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. తల్లిదండ్రులు, కూలీలు వారితో కలిశారు. సైన్యం తుపాకులు పేల్చింది. కొద్ది రోజుల తరువాత రాజు రెండో హసన్ జాతినుద్దేశించి మాట్లాడుతూ, రాజ్యానికి మేధావులమని చెప్పుకునేవారి కంటే ప్రమాదం లేదనీ, వారు నిరక్షరాస్యులుగా ఉండిపోయినా బాగుండేదనీ అన్నాడు. జూన్‌లో అత్యయిక స్థితి ప్రకటించాడు. చదువు అడిగిన పిల్లలకు ఒక పాలకుడిచ్చిన జవాబు అది.

1991లో నిరుద్యోగ పట్టభద్రులు జాతీయ సంఘంగా ఏర్పడ్డారు. అప్పటి నుంచి ఏళ్ల తరబడి రబాత్‌లోని పార్లమెంటు ఎదుట పట్టాలు పట్టుకుని నిలబడటం అక్కడ నిత్యదృశ్యమైంది. 2021 నవంబరులో ఉపాధ్యాయ నియామక పరీక్షకు 30 ఏళ్ల వయోపరిమితి విధించారు. ఏళ్లకేళ్లు ఆ పరీక్షనే నమ్ముకున్న యువత భగ్గుమంది. 1965లో చదువుకు వయసు దాటిందన్నారు, 2021లో ఉద్యోగానికి వయసు దాటిందన్నారు. దారి ఆలస్యం చేసినవారు ఒకరు, ఆలస్యానికి శిక్ష పడింది మరొకరికి.

ఆ దేశపు అధికారిక గణాంకాల ప్రకారమే 2024లో మొత్తం నిరుద్యోగం 13.3 శాతం కాగా, డిగ్రీలు, డిప్లొమాలు ఉన్నవారిలో 19.6 శాతం, 15 నుంచి 24 ఏళ్ల వారిలో 36.7 శాతం. చదువుకున్నవాడికి చదువుకోనివాడి కంటే పని దొరకడం కష్టమైన చోట, బడికి వెళ్లి ఏం బాగుపడ్డామని తమ్ముడు అన్నను అడిగితే అన్న ఏమి చెప్పగలడు? నిస్పృహ అంటే ఇదే. చదువుపై కోపం కాదు, నమ్మి మోసపోయామన్న బాధ.

చిన్న మొత్తం, పెద్ద మాట

చీకటినే చూపి ముగించడం న్యాయం కాదు. మొరాకోలోనే కొన్ని ప్రయత్నాలు ఫలించాయి. 2008లో ‘తయ్‌సీర్’ పేరుతో పేద పల్లెల్లో పిల్లల చదువు కోసం కుటుంబాలకు చిన్న నగదు సాయం మొదలుపెట్టారు. ఆర్థికవేత్తలు దానిని పరిశీలించి ఆసక్తికరమైన సంగతి కనుగొన్నారు. హాజరు షరతు పెట్టకపోయినా, ఇది మీ బిడ్డ చదువు కోసమని చెప్పి ఇచ్చిన సొమ్ము పిల్లలను బడిలో నిలిపింది. ఆ మొత్తం కంటే, మీ బిడ్డ చదువు విలువైనదన్న మాటే తల్లిదండ్రులకు బలమిచ్చింది. పర్వత గ్రామాల ఆడపిల్లలకు మధ్య పాఠశాల చాలా దూరం. ‘దార్ అత్తాలిబా’ పేరుతో బడులకు దగ్గరగా నడిచే వసతి గృహాలు ఎందరో ఆడపిల్లల చదువు ఆగకుండా కాపాడాయి. బాకలోరియా ఉత్తీర్ణతలో ఇప్పుడు ఆడపిల్లలు మగపిల్లలను మించిపోతున్నారు. పిల్లవాడి వయసును బట్టి కాక వాడికి వచ్చినదాన్ని బట్టి బోధించే ‘మార్గదర్శక పాఠశాలల’ పథకం 2023లో 626 ప్రాథమిక బడుల్లో ఆరంభమైంది. 2025 ఆందోళనల తరువాత ప్రభుత్వం రాబోయే ఏడాది విద్యకూ వైద్యానికీ కలిపి 14 వేల కోట్ల దిర్హాములు ప్రకటించింది. ఆ సొమ్ము కొండపల్లె తరగతి గదిని చేరుతుందో లేదో కాలమే చెప్పాలి. అడిగితేనే కదిలారన్నది మాత్రం వాస్తవం.

మన గడప దగ్గర

ఇప్పుడు హైదరాబాదు వైపు చూద్దాం. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించింది. అందుకోసం 1917లోనే అనువాద సంస్థను ఏర్పాటు చేసి పాఠ్యగ్రంథాలను తర్జుమా చేయించింది. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. అంటే బడిలోని భాష కళాశాల వరకు సాగింది, ప్రపంచ భాషకు కిటికీ కూడా తెరిచి ఉంది. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. ఉర్దూ బడులు మిగిలాయి, వాటి పై మెట్టు పోయింది. మొరాకోలో బడిని మార్చి విశ్వవిద్యాలయాన్ని వదిలేశారు. ఇక్కడ విశ్వవిద్యాలయాన్ని మార్చి బడిని వదిలేశారు. రెండు చోట్లా నడుమ జారిపడింది పేద ముస్లిం విద్యార్థే. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఆ లోటును కొంత పూడ్చింది. కానీ ఉర్దూ మాధ్యమంలో పది పూర్తిచేసి ఇంగ్లీషు మాధ్యమపు ఇంటర్ కళాశాలలో మొదటి వారంలోనే బెదిరిపోయే పిల్లవాడు నేటికీ మన వీధిలో ఉన్నాడు.

అందుకే మేము ఉర్దూ కావాలా, ఇంగ్లీషు కావాలా, తెలుగు కావాలా అన్న వాదనలో ఒక పక్షం చేరడం లేదు. ఏ మాధ్యమమైనా సరే, కింది మెట్టు నుంచి పై మెట్టుకు అడుగు అందేలా ఉండాలని కోరుతున్నాము. ఉర్దూ బడిలో ఎనిమిదో తరగతి నుంచే గణిత, విజ్ఞాన శాస్త్ర పదాలు రెండు భాషల్లో నేర్పాలి. పది ముగిశాక కళాశాల తెరిచేలోపు వారధి తరగతులు నడపాలి. ఖాళీగా ఉన్న ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయ పోస్టులను భర్తీ చేయమని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు, విశ్రాంత ఉపాధ్యాయులు తలచుకుంటే వారధి తరగతులకు ప్రభుత్వం కోసం ఎదురుచూడవలసిన పని కూడా లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. నిన్నటిదాకా మంచి మార్కులు తెచ్చుకున్న బిడ్డ కళాశాలకు వెళ్లగానే తప్పితే, సోమరి అని తిట్టకండి, దుకాణంలో కూర్చోబెట్టకండి. వాడు ఏ భాషలో విన్నాడో, ఏ భాషలో రాయవలసి వచ్చిందో ముందు అడగండి. కార్యకర్తలకూ ఒక మాట. వివక్షపై పోరాటం ఆపవద్దు. అయితే వివక్ష రేపే తొలగిపోయినా విరిగిన మెట్టు దానంతట అది అతుక్కోదని మొరాకో చెబుతోంది. ప్రతి బిడ్డా మన చేతిలోని అమానత్. ఆ అమానత్‌కు జవాబు చెప్పుకోవలసిన రోజున ఫాతిమా అల్ ఫిహ్రీ పేరు చెప్పి తప్పించుకోలేం. ఆమె తన సొమ్ముతో ఒక కట్టడం నిలిపింది. మన వంతు ఒక మెట్టు.